రెండు వేళ్ళ ఖాళీ

ఆడలేక మద్దెల ఓడన్నాడని సామెత. మార్లిస్ టాలెఫ్సన్ దానికి సరిగ్గా తలకిందులు. మద్దెలకు నిజంగానే చిల్లు పడినా, తనకే ఆడటం రాదనుకునే మనిషి. నడుస్తూ కుర్చీకి తగిలితే కుర్చీకి క్షమాపణ చెబుతుంది. మిన్నెసోటాలో ఆ వైపు ఊళ్ళవాళ్ళు చాలామంది అంతే. ఎదుటివాడి ఇల్లు తగలబడుతున్నా తలుపు తట్టే ముందు వేళ కాని వేళేమోనని ఆలోచిస్తారు. మార్లిస్ వాళ్ళకూ ఒక మెట్టు పైన. ఆ మంచితనమే ఆ ఏడాది ఆమె కొంప ముంచింది, ఆమె ఒక్కదాని కొంపే కాదు.

పెళ్ళిగౌన్ల దుకాణంలో కొలతలు సరిచేస్తూ ఆమె సగం జీవితం గడిపింది. భర్త ఆర్లెన్ పోయాక ఉద్యోగం మానేసి, ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి, చేతికుట్టులో పడింది. వేసవి చివర ఊరి బయట ఓక్ తోపులో పాతకాలపు జాతర జరుగుతుంది. వారాంతాల్లో గుర్రాల మీద యోధులు ఈటెలతో పొడుచుకుంటారు, జనం పొగబెట్టిన టర్కీ కాళ్ళు పట్టుకుని నములుతూ తిరుగుతారు, బురదగుంటలో బిచ్చగాళ్ళ వేషాలవాళ్ళు దొర్లుతారు. మొత్తానికి నాలుగైదు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు. ఆ ఇంగ్లండు రాణికి బట్టలు కుట్టేది మార్లిస్.

జాతరలో ఒక తెగ ఉంది. వాళ్ళను తక్కినవాళ్ళు పోగులు లెక్కపెట్టేవాళ్ళంటారు. ఎవరైనా కొత్త వేషంతో కనబడితే పలకరింపుగా చెయ్యి పట్టుకుని, మాటల్లో పెట్టి, మెల్లగా చేతి అంచు తిరగేసి చూస్తారు. లోపల మిషను కుట్టు కనబడిందా, ఆ మనిషి పని అయిపోయినట్టే. పైకి ఏమీ అనరు. "ఎంత బాగుందో" అంటారు, అంతే, ఆ మాటతో మనిషి చచ్చిపోతాడు. వాళ్ళు మార్లిస్ కుట్టిన అంచు మాత్రం తిరగేసేవారు కాదు. ఒకప్పుడు తిరగేశారు, చూసి నోరు మూసుకున్నారు.

రాణి కొరీన్ డ్వోరాక్. జాతర లేని రోజుల్లో పసుపుపచ్చ స్కూలు బస్సు నడుపుతుంది. భారీ మనిషి, భారీ గొంతు. చివరి సీట్లో కొట్టుకునే పిల్లలు ఆ గొంతు వింటే ముందు సీటుకొచ్చి కూర్చునేవారు. రాణి వేషం ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, వేషం లేనప్పుడు కూడా మార్లిస్ వంటింట్లో కాఫీ తాగుతూ ఆ దర్పంతోనే మాట్లాడేది. ఏడిపించడానికి అనుకోండి. ఆమె తమ్ముడు డ్వేన్ గ్యాసు బండి తోలేవాడు. జాతరలో అక్క ఊరేగింపు ముందు డోలు వాయించేవాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క ఇంటి వెనక వాటాలోనే ఉండేవాడు. వాళ్ళిద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు.

ఆ ఏడు రాణికి కొత్త గౌను అనుకున్నారు. నల్ల ఉన్ని, ఎర్ర అస్తరు. గౌను కంటే ముందు దాని కింద వేసే బిగింపు రవిక కుట్టాలి. అసలు పనంతా దాంట్లోనే ఉంది. రెండు పొరల నారబట్ట మధ్య సన్నటి గాడులు కుట్టి, ఆ గాడుల్లో ఎండు రెల్లు పుల్లలు దూర్చాలి. వీపున రెండు అంచులకూ మొనదేలిన ఆరతో కన్నాలు పొడిచి, ప్రతి కన్నం చుట్టూ మైనం పట్టించిన దారం చుట్టాలి. ఆ కన్నాల్లోంచి నాడా దూర్చి బిగిస్తారు. బిగించాక వీపున రెండు అంచుల మధ్య రెండు వేళ్ళు పట్టే ఖాళీ మిగలాలి. అది ఆ విద్యలో మొదటి పాఠం. ఖాళీ ఉంటేనే రవిక ఒంటిని పట్టి ఉంటుంది. అంచులు కలిసిపోయాయంటే కుట్టినదానికి కొలత తెలియదని అర్థం.

మే నెలలో మొదటి ట్రయలుకు కొరీన్ బస్సు దిగి నేరుగా వచ్చింది. మార్లిస్ నాడా లాగింది. అంచులు కలిసిపోయాయి.

మార్లిస్‌కు చెవులు వేడెక్కాయి. పాత కాగితపు నమూనా పెట్టే కత్తిరించింది, కొలత తప్పే వీల్లేదు. మరి తప్పిందంటే తన చెయ్యే తప్పి ఉండాలి. బట్టను పడుగు వెంట కాక కాస్త వాలుగా వేసి కోసినట్టుంది. వాలు కోతకు నార సాగుతుంది, కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే, తప్పు తనదేనని, విప్పి మళ్ళీ కుడతానని చెప్పేసింది.

కొరీన్ అద్దంలో తన వీపు వైపు చూసుకోలేదు. "మా దర్జీకి ముసలితనం వచ్చినట్టుంది," అంది రాణి గొంతుతో. "తల తీయించమంటావా, ఈసారికి క్షమించమంటావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బల్ల మీద మార్లిస్ చేసిన నిమ్మకాయ బిళ్ళలున్నాయి. ఎప్పుడూ పళ్ళెం ఖాళీ చేసే కొరీన్ ఆ రోజు ఒకటి తీసుకుని, కొరికి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. మార్లిస్ అది చూసింది. చక్కెర ఎక్కువైందేమోననుకుంది.

ఆమె కుట్లన్నీ విప్పింది. పుల్లలు తీసి, బట్ట తడిపి, ఆరబెట్టి, పోగు నిలువుకు సరిచూసి, అంచు లోపలికి మడిచి మళ్ళీ కుట్టింది. జూన్‌లో రెండో ట్రయలు. మళ్ళీ అంచులు కలిశాయి. ఈసారి బట్టను అనుమానించింది. జాతరలో దుస్తుల వ్యవహారం చూసే బెరిల్‌కు ఫోను చేసి అడిగితే, ఈ మధ్య వచ్చే నారంతా అలాగే సాగి చస్తోందని, తను కూడా రెండు తానులు పారేశానని ఆవిడ ఓదార్చింది. మార్లిస్‌కు ప్రాణం లేచివచ్చింది. కొత్త బట్ట తెప్పించి మొదటినుంచీ మొదలుపెట్టింది. వేలికొసలు పుళ్ళుపడ్డాయి. ఇంత తెలివిగల మనిషి, ఎన్ని వేల నడుముల చుట్టూ టేపు తిప్పిందో, ఆ టేపు ఒక్కసారి కొరీన్ నడుముకు చుడితే తేలిపోయేది. చుట్టలేదు. స్నేహితురాలి నడుము మళ్ళీ కొలవడమంటే, నీ ఒళ్ళు మారిందని మొహం మీద అన్నట్టే. ఆ ఊళ్ళో ఆ మాట ఎవరూ అనరు. లావైనా అనరు, చిక్కినా అనరు.

జూలైలో మూడో ట్రయలు. కొత్త నార, నిలువు కోత, వాలు లేదు, వంక లేదు. నాడా బిగిస్తే అంచులు కలవడం కాదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి.

మార్లిస్ నాడా వదిలేసింది. తరవాత దేవదారు పెట్టె దగ్గరికి వెళ్ళి నిరుడు కొరీన్ వేసుకున్న రవిక తీసింది. అదెందుకిప్పుడని కొరీన్ అడిగింది. ఊరికే అంది మార్లిస్. బస్సుకు వేళవుతోందని కొరీన్ అంది. జూలైలో స్కూలు బస్సేమిటి? మార్లిస్ కొత్తది విప్పి పాతది తొడిగింది. నిరుడు రెండు వేళ్ళు పట్టిన చోట ఇప్పుడు నార మీద నార పడింది. నారబట్ట సాగుతుందనుకుందాం. పెట్టెలో మడత పెట్టి ఉన్న బట్ట ఎలా సాగుతుంది?

అప్పుడు చూసింది మనిషిని. భుజాల మీద ఎముకలు లేచి ఉన్నాయి. మెడ వెనక గుంట పడింది. మూడు నెలలుగా ఆ వీపుకు జానెడు దూరంలో నిలబడి బట్టను చూసింది, కుట్టును చూసింది, పోగులు చూసింది. వీపును చూడలేదు. 

"కొరీన్," అంది. "ఎప్పటినుంచి?"

కొరీన్ రాణి గొంతు తీసేసింది. "ఏప్రిల్ నుంచి. తినబుద్ధి కావట్లేదు. తిన్నా నిలవట్లేదు."

"డాక్టరు దగ్గరికి?"

"మా అమ్మ తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది ఆస్పత్రికి. నడిచి రాలేదు. నాకా తొందరేం లేదు." మంచం అంచున కూర్చుని మార్లిస్ చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్క జాతర నాకు వదిలెయ్యి. అక్టోబర్లో వెళ్తా. ఒట్టు. లోపల ఏదైనా పెట్టి కుట్టు, ఉన్ని పెడతావో గడ్డి పెడతావో నీ ఇష్టం. నేను నేనులా కనబడితే చాలు. డ్వేన్‌కి మాత్రం తెలియకూడదు. వాడు తట్టుకోలేడు."

కాదనడం మార్లిస్‌కు ఎవరూ నేర్పలేదు. సరే అంది.

ఆ కాలపు బట్టల్లో ఒక దుర్మార్గం ఉంది, మనిషిని ఎంతైనా దాచగలవు. మెడకు మడతల పట్టీ, చేతులకు బుడగ చేతులు, నడుము కింద గుడ్డ చుట్ట. మొహానికి తెల్ల రంగు, బుగ్గలకు ఎరుపు. ఆ తెలుపు కింద మనిషి పాలిపోయిందో లేదో దేవుడికే తెలియాలి. మార్లిస్ రవిక లోపల ఉన్ని పొరలు పరిచి చిన్న చిన్న టాకాలతో కుట్టింది. పక్కటెముకలున్న చోట పలచగా, నడుము దగ్గర మందంగా, రొమ్ము కింద గుండ్రంగా, నిరుటి కొరీన్‌ను గుర్తు తెచ్చుకుంటూ నిరుటి కొరీన్‌ను కుట్టింది. పని చక్కగా కుదిరింది. కుదిరినందుకు ఆమెకే భయమేసింది.

జాతర మొదలైంది. రాణి బయటికి వస్తే జనం చప్పట్లు కొట్టారు. పోగులు లెక్కపెట్టేవాళ్ళు గౌను చుట్టూ తిరిగి, ఇంత అందంగా ఎప్పుడూ లేదన్నారు. ప్రతి శనివారం పొద్దున గుడారంలో మార్లిస్ నాడా బిగించేటప్పుడు వేలు లోపలికి పెట్టి చూసేది. ప్రతి వారం లోపల వేలికి తగిలే జాగా పెరిగేది. వారం మధ్యలో ఇంకో పొర ఉన్ని వేసేది. ఉంగరాలు జారిపోతుంటే వాటి లోపలి వైపు దారం చుట్టి ఇచ్చింది. ఆ ఎండలో అంత ఉన్ని కింద ఆడమనిషికి చెమట పట్టాలి. కొరీన్‌కు చెమట పట్టేది కాదు. చలేస్తోందనేది.

డ్వేన్ ఒక రోజు డోలు తాళ్ళు బిగించుకుంటూ గుడారం దగ్గర ఆగాడు. ఇంట్లో అక్క తలుపేసుకుని ఉంటోందని, గదిలోనే భోజనం చేస్తోందని చెప్పాడు.

"మార్లిస్, నువ్వు దగ్గర్నుంచి చూస్తావు కదా. అక్క చిక్కిందంటావా? మే నెలనుంచీ నువ్వు ఆ రవిక విప్పుతూనే ఉన్నావంట. బెరిల్ చెప్పింది."

మార్లిస్ సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు. "నార సాగింది," అంది. "ఈ ఏడు వచ్చిన నారంతా అంతే."

అతను నమ్మాడు. మార్లిస్ అబద్ధం చెబుతుందని ఆ ఊళ్ళో ఎవరనుకుంటారు? వేసవంతా తాను మోసపోయిన మాటనే అతని చేతిలో పెట్టి పంపింది. 

నాలుగో వారాంతం, ఆదివారం సాయంత్రం, నాడా విప్పుతుంటే కొరీన్ గుడారపు గుంజ పట్టుకుని నిలబడే నిద్రపోయింది. ఉన్ని కుట్టిన రవిక ఒంటి మీదినుంచి తీస్తే అది రవికలా లేదు. బరువుగా, గుండ్రంగా, తనంతట తాను నిలబడింది. బల్ల మీద పెడితే కొరీన్ ఆకారంలో కూర్చుంది. గుంజ దగ్గర ఉన్నదానికంటే బల్ల మీద ఉన్నదే కొరీన్‌లా ఉంది. మార్లిస్ దాన్నీ, దీన్నీ మార్చి మార్చి చూసింది. ఇంకో వారం పోతే ఆ బట్ట ఒక్కటే ఊరేగింపులో నడుస్తుందనిపించింది. అక్టోబరు దాకా ఈ మనిషి ఆగదని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది.

ఆ వారం ఆమె ఫోను ఎత్తలేదు. టాకాలన్నీ తెంపి ఉన్ని పీకేసింది. నిద్రలో కొరీన్ నిలబడి ఉండగా టేపుతో తీసుకున్న కొలత ఉంది. అవును, చివరికి కొలిచింది. ఆ కొలతకు రవికను కోసి కుట్టింది. గౌను రెండు పక్కలా లోపలికి తీసింది. బుడగ చేతులు తీసేసి బిగుతు చేతులు పెట్టింది. మెడ పట్టీ తీసి పక్కన పెట్టి, అది ఇస్త్రీకి పాడైందని చెప్పాలనుకుని, తరవాత అసలేమీ చెప్పకూడదనుకుంది. జీవితంలో ఎప్పుడూ అంత శ్రద్ధగా కుట్టలేదు. ఎక్కడా ఒక్క ముడత లేదు.

శనివారం పొద్దున కొరీన్ మొహానికి రంగు వేసుకుని వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. మార్లిస్ నాడా బిగించింది. వీపున రెండు వేళ్ళ ఖాళీ, సరిగ్గా, పాఠంలో చెప్పినట్టు. పైన గౌను వేసి కట్టింది. కొరీన్ అలవాటుగా నడుము మీద చేతులు ఆనించుకుంది. చేతులు ఎక్కడో లోపలికి వెళ్ళి ఆగాయి.

"మార్లిస్. ఉన్ని ఏది?"

"తీసేశాను."

"పెట్టు. ఇప్పుడే పెట్టు."

"లేదు. కాల్చేశాను."

బయట డోలు మొదలైంది. గుర్రాల గిట్టల చప్పుడు, జనం గోల. డోలు మొదలయ్యాక రాణి రాకపోవడం ఆ జాతరలో ఎప్పుడూ జరగలేదు. కొరీన్ బల్లకు ఆనించి ఉన్న అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసింది.

"నా బట్టలిప్పి నడివీధిలో నిలబెడుతున్నావే," అంది. గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"నీకు సరిపోయే బట్ట కుట్టాను," అంది మార్లిస్. కుర్చీలకు క్షమాపణ చెప్పే మనిషి ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పలేదు.

కొరీన్ గడ్డం పైకెత్తి బయటికి నడిచింది. ఆమె పొగరు ఆమెది, దాన్ని ఏ జబ్బూ తినలేదు. జనంలో ముందు వరస చప్పట్లు కొట్టబోయి, సగంలో ఆపేసింది. చప్పట్లు తప్పడంతో డ్వేన్ వాయిస్తూనే వెనక్కి తిరిగాడు. అక్కను చూశాడు. మెడను, చేతులను, రెండు అరచేతుల్లో ఇమిడే నడుమును చూశాడు. డోలు ఆగిపోయింది.

వానలో కూడా ఆగని డోలు అది. గుర్రాలు ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాయి. డ్వేన్ డోలు మెడలోంచి తీసి గడ్డి మీద పెట్టాడు. దగ్గరికి వచ్చి, చుట్టూ ఉన్న యోధులనూ మంత్రులనూ ఎవరినీ లెక్కచేయకుండా, "కారెక్కు, అక్కా," అన్నాడు. ఆమె ఎదురుచెప్పలేదు. అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ నల్ల గౌనుతో, తెల్ల మొహంతోనే ఆస్పత్రికి వెళ్ళింది.

జాతర ముగిశాక ఒక మధ్యాహ్నం డ్వేన్ మార్లిస్ ఇంటికి వచ్చాడు. ఆమె కాఫీ పోసింది. కడుపులో పుండు కాదని, అంతకంటే పెద్దదని చెప్పాడు. వేసవి మొదట్లో వచ్చి ఉంటే కోసి తీసేవాళ్ళమని, ఇప్పుడది పాకిందని, మందులతో చూద్దామని డాక్టర్లు అన్నారట. మాటలు ఒక్కొక్కటే బల్ల మీద పెడుతున్నట్టు చెప్పాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"జూలైలో," అంది మార్లిస్. తరవాత తల అడ్డంగా ఊపింది. "కాదు. మే నెలలో. నా చేతులకు మే నెలలోనే తెలిసింది డ్వేన్. నేనే బట్టది తప్పనుకున్నాను."

అతను లేచాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది. కాఫీ తాగకుండా, కప్పును మాత్రం తీసుకెళ్ళి తొట్టిలో పెట్టి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళాడు. ఆ తరవాత మంచు పడేదాకా ఎవరూ ఫోను చేయలేదు.

మంచు పడ్డాక కొరీన్ చేసింది. గొంతు సన్నబడిపోయింది, అయినా రాణి గొంతే.

"మేము వచ్చే ఏటికి కొత్త గౌను కోరుతున్నాము. ఆకుపచ్చది. పాత ద్రోహాలు క్షమించితిమి." కాసేపు ఊపిరి తీసుకుంది. "మార్లిస్, పాత కొలతకే కుట్టవే. ఈ ఏటిది కాదు, నిరుటిది. వెనక రెండు వేళ్ళు వదులు."

మార్లిస్ సరే అంది.

ఆ రోజే నారబట్ట బల్ల మీద పరిచింది. పోగు నిలువు చూసింది. పాత కాగితపు నమూనా పెట్టి చుట్టూ సుద్దతో గీసింది. ఎంత పెద్ద గీతో. అంత మనిషి ఇప్పుడు ఎక్కడుంది? కత్తెర అందుకుంది. బట్టలో వంక లేదు, కోతలో వంక లేదు, ఈసారి తనను తాను తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. ఆమెకు భయమేసింది, ఉత్త భయం. అయినా గీత మీదే, ఒక్క నూలు కూడా లోపలికి జరపకుండా కోసింది.

మొదటి ట్రయలు మే నెలలో పెట్టుకుందామని కొరీనే అంది.